ఏసీ గదిలో కొత్త గాలి ఏది?

రాత్రి తలుపేసి, కిటికీ అద్దాలు జరిపి, స్ప్లిట్ ఏసీ వేసుకుని పడుకునే చాలామంది, అది బయటి గాలిని చల్లార్చి లోపలికి పంపుతోందనుకుంటారు. పంపదు. గదిలోని గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. గోడకు ఇవతలి యూనిట్‌కూ అవతలి యూనిట్‌కూ మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది రిఫ్రిజిరెంట్ మాత్రమే.

లెక్క చూడండి. పది బై పన్నెండు అడుగుల పడగ్గది, పదడుగుల ఎత్తు. పట్టే గాలి సుమారు 34 వేల లీటర్లు. నిద్రలో మనిషి గంటకు పది పన్నెండు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుంటే, సందుల్లేని గదిలో అది గంటకు 600 పీపీఎం (పది లక్షల లీటర్ల గాలిలో 600 లీటర్లు) పైనే పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 పైచిలుకు. తలుపు కింది సందు కొంత కాపాడినా, తెల్లారేసరికి 2,000 దాటడం మీటరులో నేను తరచూ చూసేదే. 1858లోనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ 1,000 దాటకూడదన్నాడు.

ఈ స్థాయిలో కార్బన్ డయాక్సైడ్ విషమేమీ కాదు. గదిలో గాలి మారడం లేదనడానికి అదొక గుర్తు. గాలి మారకపోతే ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్, తడి, దోమల చుట్ట పొగ అన్నీ అక్కడే ఉండిపోతాయి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ చుట్టను పసిపిల్లల మంచం కిందే పెడుతున్నాం! డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థుల గదుల్లోకి రాత్రిపూట బయటి గాలి పంపి చూశారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సగటున 2,400 దాకా ఉన్న కార్బన్ డయాక్సైడ్ 900 లోపుకు దిగింది. విద్యార్థులకు నిద్ర బాగా పట్టింది, మర్నాడు తార్కిక పరీక్షలోనూ మెరుగ్గా చేశారు.

పాత ఇళ్ళలో కప్పుకు దగ్గరగా వెంటిలేటర్లుండేవి. పైకి చేరిన వేడి గాలి వాటిలోంచి పోతుంటే కిటికీలోంచి కొత్త గాలి వచ్చేది. ఏసీ చల్లదనం పోతుందని వాటికి అట్టలు అడ్డం పెట్టాం. ఇప్పుడు ప్లాన్‌లోంచే తీసేశాం. రబ్బరు అంచుల యూపీవీసీ కిటికీలు పెట్టించుకోవడం తప్పు కాదు. కరెంటు ఆదా అవుతుంది, దుమ్మూ రొదా తగ్గుతాయి. కానీ ఇల్లు బిగించినవాళ్ళు గాలికి వేరే దారి పెట్టాలి. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికా ఈ పాఠం నేర్చుకుంది. ఆఫీసుల్లో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలనుకుంటే తలనొప్పులు, కళ్ళమంటల ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1989లో ఆ ప్రమాణాన్ని 20కి పెంచారు.

మన దేశంలో ఇళ్ళకు ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, 2018లో వచ్చింది. విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో తెరుచుకునే కిటికీల వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలంటుంది. ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు స్లైడింగ్ కిటికీని పూర్తిగా జరిపి చూడండి. రెండు పట్టాలదైతే, ఆరడుగుల కిటికీలో గాలికి దొరికేది మూడడుగులే.

పడుకునే ముందు ఎదురెదురు కిటికీలు కాసేపు తెరవండి. రాత్రి పడగ్గది తలుపు ఓరగా వేసుకోండి. కొత్తగా కట్టుకునేవాళ్ళు ఫిల్టరున్న చిన్న ఫ్యాన్‌తో బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు అడగండి.

వీటికైనా కొంత వ్యవధి ఉంది గానీ, బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళకు లేదు. మూసిన చిన్న గదిలో మంటకు ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. గ్యాస్ లీకైతే వాసన వస్తుందిలే అనుకోవద్దు. వాసన కలిపేది వంటగ్యాస్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. తల తిరిగి, కాళ్ళు పట్టు తప్పాక గడియ తీయడానికి చెయ్యి లేవదు. గీజర్‌నూ సిలిండర్‌నూ బాత్రూం బయట, గాలి ధారాళంగా ఆడే చోటికి మార్పించండి. మార్చేదాకా బక్కెట్లో నీళ్ళు నింపుకుని, గీజర్ ఆపి, గాలి ఆడాకే స్నానానికి వెళ్ళండి.