మూడవనాటి సలపరం

ప్రసవమైన రెండు రోజులు బాలింత తేలికగానే ఉంటుంది. మూడవనాటికో నాలుగవనాటికో రొమ్ములు రాళ్ళవలె బిగుసుకుంటాయి. చర్మం నిగనిగలాడుతుంది, పైట తగిలినా ప్రాణం విలవిలలాడుతుంది. పక్కన బిడ్డ ఆకలితో గుక్కపట్టి ఏడుస్తుంటాడు. రొమ్ము అందిస్తే పట్టు దొరకక జారిపోతుంది. "పాలు లేవు, డబ్బాపాలు పట్టండి" అంటారెవరో. పాపం, లేక వచ్చిన చిక్కు కాదది, ఉండీ అందకపోవడం. కొందరు తల్లులు చనుబాలు మాన్పించేది ఆ రాత్రే.

ఈ బిగువుకు కారణం పాలొక్కటే కాదు. మాయ పడిన తరువాత హార్మోనులు మారి పాలు ఉబికివస్తాయి; వాటితోపాటు రక్తమూ నీరూ అక్కడికి చేరి వాపు కలిగిస్తాయి. కాన్పు వేళ సెలైన్ ఎక్కువగా ఎక్కించి ఉంటే వాపు మరింత కావచ్చు. ముర్రుపాలు మంచివి కావన్న అపోహతో మొదటి మూడు రోజులు బిడ్డను దూరంగా ఉంచే ఇళ్ళలో ఈ అవస్థను చేజేతులా తెచ్చుకున్నట్లే.

తొలి మందు బిడ్డ నోరే. రాత్రింబవళ్ళు కలిపి 8 నుండి 12 మార్లు పాలివ్వాలి. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం బిగిసి బిడ్డకు పట్టు చిక్కనప్పుడు, అమెరికన్ నర్సు జీన్ కాటర్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన చిన్న ఉపాయం ఉంది. వేళ్ళ కొసలను చనుమొనను ఆనుకొని చుట్టూ ఉంచి, ఛాతీవైపుకు మెల్లగా అదిమి, ఒక నిమిషం అలాగే పట్టి ఉంచాలి. చేరిన నీరు వెనక్కు జరిగి వలయం మెత్తబడుతుంది. ఆపై నాలుగు చుక్కలు చేత్తో పిండి బిడ్డకు అందిస్తే చాలు. రొమ్మంతా ఖాళీ అయ్యేదాకా పిండితే శరీరం ఇంకా ఎక్కువ పాలు చేస్తుంది. వేడి గుడ్డ పాలిచ్చే ముందు కొద్ది నిమిషాలే. మిగిలిన వేళల్లో చల్లని గుడ్డ హాయినిస్తుంది. ఓపికగల పెద్దమ్మలు చేసే గట్టి మర్దనా మాత్రం వద్దు, లోపలి కణజాలం కమిలిపోతుంది.

క్యాబేజీ ఆకులు కప్పడం కూడా వాడుకలో ఉంది. చల్లదనానికి కొంత ఊరట కలిగినా, అంతకుమించిన గుణం ఉందనడానికి ఆధారాలు బలహీనం. మల్లెపూల సంగతి వేరు. రొమ్ములకు మల్లెలు కట్టడం దక్షిణాదిన పాతకాలపు వైద్యమే. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దానిని పరీక్షించి, పాలను తగ్గించడంలో ఆ పూలు బ్రోమోక్రిప్టిన్ మందుకు ఇంచుమించు సాటిరాగలవని 1988లో ప్రకటించారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది ఉపశమనం. పాలివ్వదలచిన తల్లికి ఎవరైనా మల్లెలు తెచ్చి కట్టబోతే వారించాలి.

రొమ్ముపై ఒకచోట ఎర్రబారి, చలిజ్వరం తగిలితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. అప్పుడు సైతం బిడ్డకు పాలు ఆపనక్కరలేదు.