సిగ్నల్ బాలేదా, అమ్మకి వినపడటం లేదా?

అక్కలూ, వదినలూ, ఈ నెల చెవుల గురించి రాస్తున్నాను. ఇదేం టాపిక్ అనుకోకండి. మనలో చాలామందికి అమ్మానాన్నలతో, అత్తమామలతో మిగిలింది ఫోనే. ఆ ఫోను పనిచేసేది వాళ్ళ చెవుల మీద ఆధారపడి.

వారం వారం చేసే వీడియో కాల్ ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మ "తిన్నావా, పిల్లలు బాగున్నారా" అంటుంది. మనం ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతుంది. రెండు నిమిషాలకే "ఇదిగో, నాన్నకిస్తున్నా" అంటుంది. మనవరాలు ఏదో చెబితే నవ్వి ఊరుకుంటుంది. మనమేమో సిగ్నల్ బాలేదనుకుంటాం, అమ్మకి ఓపిక తగ్గిందనుకుంటాం, పిల్లల యాస అర్థం కాలేదనుకుంటాం. చెవి సంగతి మాత్రం ఎవరమూ ఎత్తం.

ఎందుకంటే మన ఇళ్ళల్లో చూపు తగ్గితే అది వయసు, వినికిడి తగ్గితే అది పరువు. నలభై దాటగానే కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేము బాగుందా అని అందరికీ చూపిస్తాం. అదే చెవి మిషన్ అనగానే "నాకేం చెవుడా?" అని కోపమొస్తుంది. రాదా మరి? చెవిటివాడి ముందు శంఖం అని సామెత, బ్రహ్మచెవుడు అని తిట్టు, సినిమాల్లో వినపడని తాతగారంటే కామెడీ. ఇవన్నీ వింటూ పెరిగిన మనిషి తనకే ఆ ఇబ్బంది వస్తే దాచుకోక ఏం చేస్తుంది?

ఇందులోనూ ఆడవాళ్ళకి ఇంకో భారం ఉంది. పెద్దాయనకి వినపడకపోతే ఇంట్లో అందరూ గొంతు పెంచుతారు. పెద్దావిడకి వినపడకపోతే "పరధ్యానం", "మొండితనం", "కావాలనే పలకదు" అంటారు. వినపడకపోవడం వేరు, వినిపించుకోకపోవడం వేరు. మన భాషలో రెండు మాటలూ ఉన్నాయి, మన ఇళ్ళల్లోనే ఆ తేడా పోయింది. ఎన్ని అత్తాకోడళ్ళ తగాదాలు ఇక్కడే మొదలయ్యాయో!

వయసుతో వచ్చే వినికిడి లోపం ఉన్నట్టుండి చెవులు మూసేసినట్టు రాదు. ముందు సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు పోతాయి. స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. అరిచి చెప్పినా పెద్దగా లాభముండదు. చిన్నపిల్లల గొంతులూ సన్నగానే ఉంటాయి కదా. అంటే అమ్మమ్మకి ముందుగా దూరమయ్యే వాటిలో మనవల మాటలు కూడా ఉంటాయి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. అరవై దాటినవాళ్ళలో 25 శాతానికి పైగా, రోజువారీ జీవితానికి అడ్డమయ్యేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లాన్సెట్ నిపుణుల కమిషన్ 2024 నివేదికలో, మనం జాగ్రత్తపడితే తగ్గించుకోగల డిమెన్షియా ముప్పులు 14 చెప్పారు. వాటిలో వినికిడి లోపం ఒకటి. మాట అందని మనిషి పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తుంది, భజనకి మానేస్తుంది, చివరికి మాట్లాడటమే తగ్గించేస్తుంది.

చెవి లోపలి భాగమే మన ఒంటి తూకాన్ని కూడా చూసుకుంటుంది. కానీ అమ్మ "కళ్ళు తిరుగుతున్నాయే" అంటే ఉపవాసం వల్ల నీరసమనో, పైత్యమనో, బీపీ అనో, దిష్టి అనో తేల్చేస్తాం. నిమ్మకాయ నీళ్ళు తాగి మళ్ళీ వంటింట్లోకి. ఈసారి ఇంకొంచెం అడగండి. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా? నడుస్తుంటే తూలుతోందా? లేక గది గిర్రున తిరుగుతోందా? మంచం మీద ఒత్తిగిలినప్పుడు, పై అర అందుకోవడానికి తలెత్తినప్పుడు తిరిగి, నిమిషంలోపే ఆగిపోతుంటే, లోపలి చెవిలో కాల్షియం రేణువులు స్థానం తప్పి ఉండొచ్చు. డాక్టరు తలని ఒక వరసలో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గుతుంది. దీనికి నెలల తరబడి మాత్రలు మింగుతూ, ఒకరోజు బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకోవడం ఎంత అన్యాయం!

రెండు విషయాల్లో మాత్రం ఆగొద్దు. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తల తిరగడంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక పక్క బలహీనపడినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నేను బ్రిటన్‌లో వృద్ధుల వార్డులో నర్సుని. పేషెంటు రాగానే కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మిషన్ ఉన్నాయా అని ఒకే వరసలో అడుగుతాం. ఇక్కడా సిగ్గుపడేవాళ్ళున్నారు. కానీ అడిగే తీరులోనే సగం సిగ్గు పోతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో మిషన్ ఉచితమే, కాకపోతే విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళకి సాధారణంగా అది వర్తించదు. కాబట్టి ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు బంగారం షాపుకి వెళ్ళే ముందు ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక్కోసారి గులిమి గట్టిపడటమే కారణం కావచ్చు. దానికి వేడి నూనెలూ, పిన్నీసులూ వద్దు.

మిషన్ ఇక్కడ కొని గిఫ్టుగా పంపకండి. ఆడియోగ్రామ్ చూసి అమర్చాలి, తర్వాత రెండు మూడుసార్లు సరిచేయాలి, అది వాళ్ళ ఊరికి దగ్గర్లో జరగాలి. తెలంగాణలో ఉన్నవాళ్ళకి సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంకో మాట. కళ్ళజోడు పెట్టగానే కనిపించినట్టు మిషన్ పెట్టగానే అంతా వినపడదు. మెదడుకి అలవాటవడానికి వారాలు పడుతుంది. మొదట గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు చెవిలో మోగుతాయి. ఇక్కడే చాలామంది విసుగొచ్చి బీరువాలో పెట్టేస్తారు. రోజూ ఫోను చేసి "ఈరోజు ఎన్ని గంటలు పెట్టుకున్నావమ్మా" అని అడగడం దూరంనుంచి మనం చేయగల పనే.

"ఈ వయసులో నాకెందుకే అంత ఖర్చు" అని అమ్మ అంటుంది. నీ కోసం కాదమ్మా, నీతో మాట్లాడాలని మాకుంది అనండి. ఈ ఆదివారం కాల్‌లో అరవకుండా, మొహం కనిపించేలా, నిదానంగా మాట్లాడి చూడండి. ఎంత అందిందో గమనించి గ్రూపులో రాయండి.