నా కోడీ, నా కుంపటీ

నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట ఒక ముసలమ్మ. ఈ సామెత చెప్పి తెలుగు మాస్టార్లు తరతరాలుగా క్లాసుల్ని నవ్విస్తున్నారు. నవ్వే పిల్లల్లో మా గూడెం పిల్లలూ ఉంటారు. కథ అందరికీ తెలిసిందే. ముసలమ్మ కోడి కూస్తే ఊరు లేచేది. ముసలమ్మ కుంపట్లో నిప్పు తెచ్చుకుని ఊరు పొయ్యిలు రాజేసుకునేది. ఎవరిమీదో కోపమొచ్చి ఆమె కోడినీ కుంపటినీ తీసుకుని ఊరవతలికి పోయి కూర్చుంది. మర్నాడూ తెల్లారింది. ఊరు నవ్వింది.

ఆమెకి కోపం ఎందుకొచ్చిందని ఈ సామెత చెప్పేవాళ్ళలో ఒక్కరైనా అడిగారా? రోజూ లేపినందుకు ఊరు ఆమె కోడికి గుప్పెడు నూకలేసిందా? రోజూ నిప్పిచ్చినందుకు నాలుగు పిడకలిచ్చిందా? సొమ్ము ఆమెది, వాడకం ఊరిది, ఎగతాళి మళ్ళీ ఆమెకే. మా ఇంటి నిప్పు ఊరు ముట్టదు కాబట్టి ఆ ముసలమ్మ మా గూడెం మనిషి కాకపోవచ్చు. ఊరవతల కూర్చున్నాక మాత్రం ఆమె మాదే.

ఇంకో సామెత ఉంది. కోడికి గజ్జెలు కడితే కుప్ప కుళ్ళగించకుండా ఉంటుందా అని. హీనబుద్ధి మారదని దీనికి అర్థం చెబుతారు. మా పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి వెళితే వాళ్ళ వెనక ఈ సామెతే చెబుతారు. అయ్యా, కుప్ప కుళ్ళగించడం హీనమని మీకెవరు చెప్పారు? కోడి కుప్పని తిరగేస్తే పురుగు పోతుంది, ఎరువు గుల్లవుతుంది. ఆ ఎరువు బండ్లకెత్తింది మేము. అది పడింది మీ చేలల్లో. ఆ చేలో పండిన బువ్వ తింటూ కుప్ప తిరగేసేవాళ్ళని హీనులంటారా? గజ్జెలు కట్టమని కోడి ఎవర్నీ అడగలేదు.

ఇవి నవ్వి ఊరుకునే మాటలు కావు. భూమి లేని మాలపల్లెలో, మాదిగ గూడెంలో ఆడదాని చేతిలో ఉన్న ఆస్తి కోడి. దానికి పట్టా లేదు, పాసుపుస్తకం లేదు. దాన్ని ఆస్తి అని ఊరు ఒప్పుకోదు, సర్కారు ఒప్పుకోదు, మన సంఘాలూ ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోతే ఒక సుఖం ఉంది. ఎత్తుకుపోతే దొంగతనం కాదు. చంపితే నష్టం కాదు. తింటే బాకీ కాదు.

గుంటూరు జిల్లా డెల్టాలో మా గూడెం. మా అమ్మ దగ్గర ఎప్పుడూ ఐదారు పెట్టలుండేవి. ఒక్కోదానికి ఒక్కో తిక్క. కొప్పుపెట్ట మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన తప్ప ఇంకెక్కడా గుడ్డు పెట్టేది కాదు. తలుపేసి ఉంటే గడప ముందు నిలబడి గూడెం ఎగిరిపోయేట్టు అరిచేది. ఎవరో ఒకరు వచ్చి గొళ్ళెం తీస్తే లోపలికి పోయి, పెట్టి, బయటికొచ్చి మళ్ళీ అరిచేది. బోడిమెడదానికి తెల్లబట్టలంటే పడేది కాదు. కామందు గుమాస్తానీ, పాస్టరుగారినీ తేడా లేకుండా పిక్కల మీద పొడిచేది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచే ఉంచేవారు. నల్లపెట్ట కింద ఒకసారి బాతుగుడ్లు పెట్టింది అమ్మ. పిల్లలు లేచాయి. నాలుగో రోజున అవి కాలవలోకి దిగి ఈదుకుంటా పోతుంటే నల్లపెట్ట గట్టు మీద అటూ ఇటూ ఉరుకుతా పెట్టిన కేకలు నాకింకా గుర్తే. “కడుపున పుట్టకపోయినా ఎట్టా కొట్టుకుంటందో సూడు నాయనా” అనేది అమ్మ. ఒక పుంజు అర్ధరాత్రి కూసేది. అపశకునం, కొయ్యమని ఇరుగూ పొరుగూ వెంటబడ్డారు. “దానికి ఆకలైందేమో, మనకి నిద్రపట్టనట్టే దానికీ పట్టలేదేమో” అంది గానీ కత్తి తియ్యలేదు.

ఈ పని చదువు కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. పెట్ట పొదుగుకొచ్చిందంటే అమ్మ తట్టలో ఊక పోసి, బూడిద చల్లి, ఉరుములకి గుడ్లు మురగకుండా ఒక ఇనపముక్క పెట్టేది. ఇనపముక్క పన్జేస్తుందో లేదో గానీ తక్కినదంతా శాస్త్రమే. దీపం బుడ్డి ముందు గుడ్డు పట్టి చూసి, ఎర్రదారాల్లాంటి నరాలు కనబడనివి ఏరేసేది. పద్ధెనిమిదో రోజున గోరువెచ్చని నీళ్ళలో వేసి, కదిలినవాటిని తుడిచి మళ్ళీ పెట్ట కింద సర్దేది. ఇరవై ఒకటో రోజున లోపల్నించి పొడుపు. పిల్లలకి చెదపురుగులు తెచ్చి పోసేవాళ్ళం. గద్ద నీడ నేల మీద పడగానే పెట్ట చేసే కూత వేరు, పిల్లి కనబడితే చేసే కూత వేరు. చేలో కలుపు తీస్తూ కూడా అమ్మ ఆ తేడా చెప్పేది.

మా పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. ఏడాదికి మూణ్ణాలుగు విడతలు. మొత్తం యాభై, అరవై గుడ్లు. పుస్తకాల్లో దీనికి తక్కువ ఉత్పాదకత అని పేరు. షెడ్డు కోడి మూడొందలు పెడుతుందంటారు. పెడుతుంది. ఆ మూడొందల్లో ఒక్కటీ పిల్ల కాదు. పుంజు లేని గుడ్డు అది. దానికి దాణా కొనాలి, కరెంటు ఉండాలి, ఏడాదిన్నర తిరక్కుండానే కొత్త కోడిని కొనాలి. మా పెట్ట పరిగె గింజ తిని, పురుగు తిని, తన పిల్లల్ని తనే పెంచి ఇంటికి తెచ్చేది.

మొగుడు పోయినదానికి, కొత్తగా వేరుపడ్డ కోడలికి ఒక పెట్టని పాలికిచ్చేవాళ్ళు. పిల్లలు లేచాక సగం ఇచ్చినవాళ్ళకి, సగం పెంచినవాళ్ళకి. కాగితం లేదు, వేలిముద్ర లేదు, వడ్డీ లేదు. 1982లో డ్వాక్రా మొదలుపెట్టినవాళ్ళు ఆడవాళ్ళకి పొదుపు నేర్పామని చెప్పుకుంటారు. మా ఆడవాళ్ళు పొదుపుని గంప కింద మూసిపెట్టుకుని అప్పటికే ఎన్నో తరాలైంది. నా పదో తరగతి పరీక్ష ఫీజు రెండు పుంజులు. మా అక్క పురుడు ఒక పుంజూ పాతిక గుడ్లూ. చర్చిలో పంటల పండగ నాడు వేలానికి పెట్టిన మా పెట్టని మళ్ళీ మా అమ్మే పాడుకుని ఇంటికి తెచ్చుకున్న ఏడు కూడా ఉంది. దేవుడికి డబ్బు ముట్టింది, పెట్ట మాకు మిగిలింది.

ఇక ఊరి సంగతి. మా ఇంటి నీళ్ళు మైల. మా ఇంటి కుండ మైల. మా ఇంటి కోడి మాత్రం మైల కాదు! కామందు ఇంటికి అల్లుడొస్తే పాలేరు వచ్చి గంపెత్తేవాడు. “అయ్యగారు పంపించమన్నారు” అనేవాడు. ధర లేదు. “తర్వాత చూద్దాంలే” అన్నమాటే ధర. మా అమ్మ ఆ ఇంటి వాకిలి దాటి లోపలికి పోకూడదు. ఆమె చేత్తో మేపిన పెట్ట సరాసరి వంటింట్లోకి పోయేది.

1983 జనవరిలో, కుప్పనూర్పిళ్ళప్పుడు, మా కోళ్ళు కళ్ళాల వైపు పోయాయి. కళ్ళం ఊడ్చిన మట్టిలో రాలిన గింజ కూలోళ్ళది. అది ఎప్పట్నించో ఉన్న మర్యాద. అమ్మ పరిగె ఏరుకునేది, కోళ్ళూ పరిగే ఏరుకునేవి. ఆ ఏడు ఒక కామందు ఎండ్రిన్ కలిపిన గింజలు చల్లించాడు. పొద్దుగూకేసరికి గూడెంలో పదకొండు కోళ్ళు కాళ్ళు చాపి పడున్నాయి. అందులో నాలుగు మావి. కొప్పుపెట్ట ఒకటి. అమ్మ పదకొండింటినీ గంపలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని ఆ ఇంటి అరుగు ముందు దించింది. “ఇదేందయ్యా” అంది.

“మీ కోళ్ళు మా కళ్ళంలోకి రావటమేందే?” అన్నాడు ఆయన.

“గింజ తిన్నాయని సంపారు. మీ గేదెలు నా సొరపాదు తొక్కిపోయినయ్యి. నేను దేన్ని సంపాల?”

ఆ మాట మాకు చాలా ఖరీదైంది. కోళ్ళకి పైసా రాలేదు సరిగదా, ఆ ఏడంతా అమ్మని కలుపుకి గానీ కోతకి గానీ ఎవరూ పిలవలేదు. రెండేళ్ళు తిరిగాక, 1985 జూలైలో, కారంచేడు మాదిగపల్లెలో మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ళతో మొదలైన తగువు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. అక్కడా ముందు నోరెత్తింది ఒక ఆడమనిషే. వాళ్ళ పశువు మా నీళ్ళని పాడుచెయ్యొచ్చు. మా కోడి వాళ్ళ మట్టిలో గింజ ముట్టకూడదు. ఇది ఒక ఊరి పెద్దమనిషి దుర్మార్గం అనుకుంటే పొరపాటు. పశువుకి కూడా కులాన్ని బట్టి హద్దు గీసిన న్యాయం ఇది.

చట్టం చేతుల్లోనూ ఆ గీతే ఉంది. మద్రాసు రాష్ట్రం 1950లో గుళ్ళ దగ్గర జంతువుల్నీ పక్షుల్నీ బలివ్వకూడదని చట్టం చేసింది. పోలేరమ్మ ముందు మా అవ్వ కోడిని కోస్తే అనాగరికం. కొన్ని ఊళ్ళలో సంక్రాంతికి పుంజు కాలికి కత్తి కట్టి, బరి గీసి, షామియానాలేసి, లక్షలు కాసి చంపిస్తే సంప్రదాయం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2016 డిసెంబరులో హైకోర్టు ఉత్తర్వు కూడా వచ్చింది. 2017 సంక్రాంతికి పందేలు ఆగలేదు. డేగ, కాకి, నెమలి, పర్ల అని రంగులకి పేర్లు పెట్టి, ఏ వారం ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం పుంజుకి ఉంది. పెట్టకి శాస్త్రం లేదు. పెట్టని కనిపెట్టుకుని ఉన్నదానికి అసలే లేదు. అవే పందెం పుంజులకి బాదంపప్పూ కీమా తినిపించి, నీళ్ళలో ఈదించి, ఒళ్ళు పిసికేది మా కుర్రాళ్ళు. గెలిస్తే మీసం కామందుది.

సర్కారు మాటకొస్తే, వాళ్ళ కాగితాల్లో దీని పేరు పెరటికోళ్ళ పెంపకం. 2019 పశుగణనలో దేశంలో ఇలాంటి కోళ్ళు, బాతులు కలిపి 31 కోట్ల 70 లక్షల పైచిలుకు. లెక్క బాగానే ఉంది. పెరడు ఎవరికుంది? 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊళ్ళలో పేదలకి సెంటున్నర చొప్పున ఇళ్ళస్థలాలిచ్చింది. సెంటున్నరంటే డెబ్బై రెండు చదరపు గజాలు. అందులో రెండు గదులూ దొడ్డీ కట్టాక గంప బోర్లించడానికి చోటుందా? మా కోడికి వీధే పెరడు, కాలవగట్టే పెరడు, ఊరి కుప్పే పెరడు. అక్కడికి పోతే మళ్ళీ ఎండ్రిన్ మనుషులే.

హైదరాబాదులో కేంద్ర పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని పథకాల్లో పంచుతారు. తొందరగా బరువొస్తాయి, గుడ్లూ ఎక్కువే, కాదనను. కానీ అవి పొదుగుకి కూర్చోవు. గుడ్డు పెట్టి లేచిపోతాయి. పిల్లలు కావాలంటే మళ్ళీ ఆఫీసుకి పోయి చెయ్యి చాపాలి. తల్లి కావడం చేతనైన కోడి మా దగ్గరుండేది. దానికి వాళ్ళు పెట్టిన పేరు నాసిరకం.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. 1991 ఆగస్టులో చుండూరు జరిగాక మా గూడెంలో సభ మీద సభ. వచ్చిన నాయకులకి మా ఇంట్లో భోజనం. ఒకసారి అమ్మ ఇంకే దారీ లేక పిల్లల కోడిని కోసింది. పిల్లలు గంప కింద రాత్రంతా కీచుకీచుమంటానే ఉన్నాయి. నాయకుడు గంటసేపు భూమి గురించి మాట్లాడాడు. మంచి ఉపన్యాసమే. కార్జం ఆయనకే వేశారు. ఈ కోడి ఎవరిదమ్మా అని అడగలేదు. ఆడవాళ్ళు వండి, వడ్డించి, గిన్నెల్లో మిగిలిన పులుసుతో తిన్నారు. “మాట్టాడటం బాగానే మాట్టాడాడు గానీ, ఆ పెట్ట ఇంకో రెండుసార్లు పిల్లల్ని దించేది” అంది అమ్మ. ఆ మాట ఏ కరపత్రంలోనూ రాలేదు.

భూమి అడగాలి, అడుగుతూనే ఉండాలి. అయితే ఇంట్లో ఉన్న ఆస్తిని ఆస్తిగా చూడలేని కళ్ళు రేపు భూమి వస్తే దాన్ని ఎవరి పేర రాయిస్తాయో నాకు అనుమానమే. మన కవులు పుంజు మీద రాశారు. కూత, తిరుగుబాటు, ఎర్రటి జుట్టు. పెట్ట మీద రాసినవాళ్ళు ఎంతమంది? విద్యార్థి మిత్రులారా, మీ హాస్టలు పెట్టె మీ అమ్మ ఎన్ని గుడ్లమ్మి కొనిందో లెక్కేశారా?

ముందు చెయ్యాల్సిన పని చిన్నదే. ఎండలు ముదిరేసరికి కొక్కెర తెగులు వస్తుంది. పచ్చగా పారుకుని, మెడలు తిప్పుకుని, మూడు రోజుల్లో గూడెం గూడెం ఖాళీ. దీనికి టీకా ఉంది. సీసా విప్పితే వంద కోళ్ళకి సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఐదు కోళ్ళున్న మనిషికి ఎవరూ సీసా విప్పరు. అందుకని ఫిబ్రవరిలోనే, తెల్లారి గంపలెత్తకముందే, గూడెం మొత్తం కోళ్ళకి ఒకేసారి వెయ్యాలి. పిల్లలకి కంట్లో చుక్క, పెద్దవాటికి సూది. పశువుల ఆసుపత్రివాళ్ళు రాకపోతే గంపలతో సహా ఆసుపత్రి వాకిట్లో కూర్చుందాం. రేపు రమ్మంటే గంపలు అక్కడే ఎత్తేద్దాం. బోడిమెడదాని సంతతి మా గూడెంలో ఇంకా ఉంది. తెల్లబట్టలంటే వాటికిప్పటికీ పడదు.