ఆకు పెంచే ఎరువు కాయ పెంచదు

తిరువళ్లూరు జిల్లా ఆరంబాక్కం చుట్టుపక్కల తోట కాస్త పాలిపోతే చాలు, "ఇంకో బస్తా యూరియా పడాలి" అంటారు. వంగకైనా, టమాటాకైనా, మిరపకైనా అదే మందు. ఆకు నల్లగా నిగనిగలాడితే కాపు దానంతటదే వస్తుందని నమ్మకం. ఈ నమ్మకం తప్పు, దీనికి మూల్యం చెల్లించేది రైతే.

అలవాటు వరి మడి నుంచి వచ్చింది. 1966లో ఐఆర్‌-8 అనే వరి రకం వచ్చాక, అలాంటి పొట్టి రకాలకు నత్రజని వేస్తే ధాన్యం పెరిగింది. అది కళ్లారా చూసిన నిజం, కాదనను. కానీ వంగ, టమాటా, మిరప, జామ వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ జాతి కాయలు. పిందె పడ్డాక వాటికి నత్రజని కంటే పొటాష్, కాల్షియం ముఖ్యం. ఆకులో తయారైన చక్కెరను కాయకు చేర్చేది పొటాషే.

టమాటా కాయను తిప్పి చూడండి. తొడిమకు ఎదురు కొన మీద ముందు నీరుపట్టినట్టు మచ్చ వస్తుంది, తర్వాత అది నల్లబడి తోలులా గుంటపడుతుంది. తెగులనుకొని మందు కొడతారు. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. కాల్షియం నీటి వెంట నడుస్తుంది, నీటిని ఎక్కువగా లాగేవి ఆకులు. తడి హెచ్చుతగ్గులైతే కాయ మరీ నష్టపోతుంది. యూరియాతో ఆకును పెంచేకొద్దీ కాయ వంతు తగ్గుతుంది. పైగా యూరియా నుంచి పుట్టే అమ్మోనియం వేరు దగ్గరే కాల్షియానికి అడ్డుపడుతుంది. లేత ఆకు మీదికి పచ్చదోమ, తెల్లదోమ రావడం వేరే ఖర్చు.

ఇదంతా రైతు అజ్ఞానమని తేల్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చి యూరియాను మాత్రం దాని బయట, సర్కారు కట్టిన ధరకే ఉంచారు. 45 కిలోల యూరియా బస్తా 270 రూపాయల లోపే దొరుకుతుంటే, 50 కిలోల పొటాష్ బస్తా ఐదు రెట్లకు పైనే పలుకుతోంది. చేతిలో డబ్బు తక్కువున్నవాడు ఏది ఎత్తుకుంటాడు?

మరి చేయాల్సిందేమిటి? పులికాట్ సరస్సు వైపు ఇసుక నేలల్లో ఒకేసారి కుమ్మరించిన నత్రజని నీటితో దిగిపోతుంది, దఫాలుగా వేయాలి. ఉప్పు తగిలిన చోట మామూలు పొటాష్‌లోని క్లోరైడ్ మరింత చేటు, సల్ఫేట్ పొటాష్ మేలు. జిప్సం వేస్తే కాల్షియం అందుతుంది. ఏది ఎంతో చెప్పేది మట్టి పరీక్షే. తిరూరు కృషి విజ్ఞాన కేంద్రం ఈ జిల్లాలోనే ఉంది. అక్కడికి వెళ్లమని రైతుకు చెప్పే సర్కారు, కూరగాయల రైతుకు పొటాష్‌ను కూడా యూరియా అంత అందుబాటులో పెట్టాలి.