గుల్కందుకు కుండీ గులాబీయే శ్రేయస్కరం

వేసవి సమీపించగానే గుల్కందు తయారీని గురించి గృహిణులు నన్ను అడుగుతుంటారు. వారిలో పలువురు పూజకై అంగట్లో కొన్న పూలతోనే దానిని చేస్తున్నారు. ఇది తగని పని అని నా నిశ్చితాభిప్రాయం. అమ్మకానికి పెంచే గులాబీలపై పురుగుమందులు చల్లడం పరిపాటి. కడిగితే చాలునని కొందరి సమాధానం. వేరు ద్వారా, ఆకు ద్వారా మొక్క రసంలో కలిసిపోయే మందులు కడిగినంత మాత్రాన పోవు. పైగా మనం దానిని పసిబిడ్డలకు పెడుతున్నాము!

భావమిశ్రుడు 16వ శతాబ్దంలో రచించిన భావప్రకాశంలో శతపత్రి, తరుణి అను పేర్లతో ఈ పుష్పాన్ని పేర్కొని, ఇది శీతలమనీ, హృదయానికి హితమనీ, దేహకాంతిని పెంచుననీ తెలిపినాడు. ఈ గుణాలను పరిమళంగల దేశవాళీ గులాబీలో వెదకవలెనే గాని, రంగుకై పుట్టించిన వాసనలేని సంకరజాతులలో కాదని మా గురువుగారు చెప్పేవారు.

అయితే మా ముక్తేశ్వరం వంటి కోనసీమ గ్రామాలలో నేలపై గులాబీ సుఖపడదు. బంకమట్టిలో వానాకాలం నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. పెరటినిండా కొబ్బరి నీడ. గులాబీకో, రోజుకు 6 గంటల ఎండ కావలెను. కనుక డాబాపై కుండీయే శరణ్యం.

గోదావరి ఆవలి గట్టున కోటిపల్లి దాటి వెళితే కడియం నర్సరీలున్నవి. అక్కడ పువ్వు రంగు చూచి మురిసిపోక, వాసన చూచి మొక్కను ఎన్నుకొనండి. తెచ్చిన తరువాత మొదటి కొద్ది నెలల పూలు దేవునికే, తినరాదు. అంటుకు దిగువన వచ్చే చిగుళ్ళను తీసివేయవలెను.

అడుగున చిల్లుగల 12 అంగుళాల మట్టికుండీ చాలును. ఒండ్రుమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళు, గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చిపేడ పనికిరాదు. నీరు ఉదయమే మొదట్లో పోయవలెను. సాయంకాలం ఆకులు తడిస్తే నల్లమచ్చ తెగులు సోకుతుంది. పేనుబంక పడితే నీటిని గట్టిగా చిమ్మండి.

ఒక్క కుండీ పూలతో సీసా నిండదు. నాలుగైదు కుండీలుంటే, ఏ రోజు రేకులు ఆ రోజే తడి లేకుండా ఆరబెట్టి, సమానంగా పటికబెల్లం పొడి కలుపుతూ, గాజుసీసాలో మూడు వారాలు ఎండలో ఉంచవచ్చును. మధుమేహులు మాత్రం దీని జోలికి పోరాదు, తేనెతో చేసినదైనా సరే.