కుడివైపు వరుస చించేయండి
అమెరికా హైస్కూళ్లలో స్పానిష్ తీసుకున్న మన పిల్లల చేతికి తరచూ ఓ కాగితం వస్తుంది: ఎడమవైపు క్లాసులో అడిగే ప్రశ్నలు, కుడివైపు ఇంగ్లీషు అర్థాలు. పిల్లలు ఆ కుడివైపు వరుసనే బట్టీ పడతారు. దాన్ని చించేస్తే పీడా పోతుందని నా అభిప్రాయం. బాత్రూముకు వెళ్లొచ్చా అనడానికి ‘పుయెదో ఇర్ అల్ బాన్యో?’ అనాలని ఎవరూ మరిచిపోరు, అవసరం అలాంటిది! మిగతావీ అలా నోట నలగాలి. పైగా ఇంగ్లీషు ‘యు’లో పడితే నువ్వు, మీరు ఒకటైపోతాయి. పక్క కుర్రాణ్ని ‘కోమో తే యామాస్?’ అని పేరడిగినవాడు పెద్దవాళ్లను ‘కోమో సే యామా ఉస్తెద్?’ అనాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇదేం వింత కాదు. (స్పెయిన్‌లో టీచర్లనూ నువ్వనేస్తారు, అది వేరే సంగతి.) ఇక స్పానిష్‌లో అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నల్లో చాలాసార్లు మామూలు వాక్యంలోని పదాల వరుస కూడా మారదు. అందుకే రాతలో ప్రశ్న మొదట్లోనే తలకిందుల గుర్తు పెట్టమని స్పానిష్ అకాడమీ 1754లో చెప్పింది. మాటలో మాత్రం గొంతే ఆధారం, అది కాగితంలో దొరకదు. అమ్మానాన్నలూ, అర్థాలు అప్పజెప్పించుకోవడం మానండి. ఆ ప్రశ్నలేవో మిమ్మల్నే అడగమనండి.