వెళ్ళారు మహాప్రభో, వెళ్ళారు!

"నిజంగా వెళ్ళుంటే మళ్ళీ యాభయ్యేళ్ళు ఎందుకు గమ్మునున్నారు బాస్?"

ఈ మాట రచ్చబండ మీద కూచున్న తాతెవరో అంటే నాకేం బాధ లేదు. పక్కన కూచుని చెబుతాను, వింటాడు, నమ్మకపోతే నవ్వి ఊరుకుంటాడు. అంటున్నది మనవాళ్ళు! బీటెక్ చదివి, ఏడెనిమిదేళ్ళ అనుభవం వెనకేసుకుని, సిస్టమ్ డిజైన్ మీద జూనియర్లకి క్లాసులు పీకే సాఫ్టువేరు మహానుభావులు. ఏ రీలులోనో చూసింది పట్టుకొచ్చి కెఫెటీరియాలో ట్రే కింద పెట్టగానే మొదలెడతారు. గాలి లేనిచోట జెండా ఎలా ఊగింది? ఆకాశంలో చుక్కలేవీ? చేతిలో ఫోనుకున్న మెమరీలో లక్షో వంతు కూడా లేని కంప్యూటరుతో చంద్రుడి మీద ఎలా దిగారు? చివర్లో బ్రహ్మాస్త్రం: మళ్ళీ ఎందుకెళ్ళలేదు?

జెండానీ చుక్కల్నీ వదిలేద్దాం. (జెండాకి పైన అడ్డంగా కడ్డీ ఉంది. కదిపితే ఊగింది, ఆ ఊపు ఆపడానికి గాలి లేదు. ఇక ఎండలో తీసిన ఫొటోలో చుక్కలు పడవు. కావాలంటే రాత్రిపూట స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల కింద నిలబడి మీ ఫోనుతో తీసి చూడండి.) నా గొడవంతా మిగిలిన రెండింటితోటి. ఆ రెండూ మిగతా జనం అడిగినా ఫర్వాలేదు గానీ సాఫ్టువేరు వాళ్ళు అడక్కూడదు. ఎందుకంటే జవాబులు మనం రోజూ చేసే ఉద్యోగంలోనే ఉన్నాయి.

ముందొక చిన్న లెక్క. చంద్రుడి మీదకి ఒక్కసారి, ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నప్పుడే వెళ్ళారనుకుంటారు చాలామంది. 1969 జులై నుంచి 1972 డిసెంబరు దాకా ఆరుసార్లు దిగారు. అపోలో 11, 12, 14, 15, 16, 17. మొత్తం పన్నెండుమంది నడిచారు, 382 కిలోల రాళ్ళూ మట్టీ మోసుకొచ్చారు. మధ్యలో 1970 ఏప్రిల్లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలి, దిగకుండానే ప్రాణాలు అరచేత పట్టుకుని వెనక్కొచ్చింది. అబద్ధం చెప్పదల్చుకున్నవాడు ఒకసారి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని తప్పుకుంటాడు గానీ, ఆరుసార్లు చెప్పి, మధ్యలో ఒకటి ఫెయిలైందని కూడా చెప్పి, జనానికి బోరు కొట్టేదాకా సాగదీస్తాడా?

ఇప్పుడు ఆ కంప్యూటరు సంగతి. ఎంఐటీ వాళ్ళు చేసింది. ర్యామ్ 2,048 పదాలు, రామ్ అనే రోప్ మెమరీ 36,864 పదాలు. పదానికి 15 బిట్లు, ఒక పారిటీ బిట్టు. మన లెక్కలో దాదాపు 4 కేబీ, 72 కేబీ. ఆ రోప్ మెమరీని రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చేత్తో అల్లారు. తీగ అయస్కాంతపు రింగులోంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. అంటే ప్రోగ్రామంటే నిజంగానే అల్లిక. బగ్గు దొరికితే ఫిక్స్ కొట్టి డిప్లాయ్ చేసే సుఖం లేదు, ఆ ముక్క మళ్ళీ అల్లుకోవాల్సిందే.

ఇంత చిన్నది ఎలా సరిపోయిందీ అంటే, దాని పని అంతే కాబట్టి. అది వీడియో ఆడించలేదు, ప్రకటనలు చూపించలేదు. వేగం, దిశ, ఎత్తు లెక్కగట్టి ఇంజనుకి చెప్పడం దాని పని. బరువైన లెక్కలు హ్యూస్టన్‌లో ఐబీఎం మెయిన్‌ఫ్రేములు చేశాయి. చాటింగు చేసుకునే అప్లికేషన్‌కి ఒక జీబీ ర్యామ్ తినిపించే తరం మనది. 4 కేబీలో ఎలా చేశారని అనుమానించే ముందు, ఒక జీబీ ఎందుకు కావాల్సి వస్తోందో మన కోడు తెరిచి చూసుకుంటే బావుంటుంది.

1202 అలారం కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలిసినట్టు చెప్పేవాళ్ళలో సగంమంది "కంప్యూటరు క్రాష్ అయింది, ఆర్మ్‌స్ట్రాంగ్ చేత్తో దింపాడు" అని తేల్చేస్తారు. అది కాదు జరిగింది. దిగేటప్పుడు అక్కర్లేని రాండెవూ రాడార్ నుంచి చెత్త పల్సులు వచ్చిపడి, కంప్యూటరు సమయంలో నూటికి పదమూడు పాళ్ళ పైనే తినేశాయి. రెండు సెకన్లకోసారి నడవాల్సిన గైడెన్స్ జాబు, ముందుది ముగియకుండానే మళ్ళీ మొదలవుతోంది. జాబులకిచ్చే మెమరీ స్లాట్లు నిండిపోయాయి. 1202 అంటే అదీ. అప్పుడా సాఫ్టువేరు ఏం చేసింది? చేతులెత్తేయలేదు. తనంతట తాను రీస్టార్టై, ప్రయారిటీ తక్కువ పనుల్ని వదిలేసి, ఇంజనునీ దిశనీ చూసుకునే పనుల్ని ఆగినచోటి నుంచి అందుకుంది. దిగడానికింకా కొన్ని నిమిషాలే ఉందనగా, ఒకసారి కాదు, పలుమార్లు అలా చేసింది.

దానికన్నా నాకు నచ్చేది ఆ ముందు జరిగింది. ల్యాండింగుకి రెండు వారాల ముందు సిమ్యులేషన్‌లో ఇలాంటి అలారమే మోగించారు. గైడెన్స్ ఆఫీసరు స్టీవ్ బేల్స్ భయపడి, దిగొద్దు వెనక్కొచ్చేయండన్నాడు. అక్కర్లేదు, దిగొచ్చునని తర్వాత తేలింది. దాంతో జీన్ క్రాంజ్ అలారాలన్నిటికీ ఏది వస్తే ఏం చెయ్యాలో రాసిపెట్టమన్నాడు. జాక్ గార్మన్ ఒక కాగితం మీద చేత్తో రాసి టేబులు మీద పెట్టుకున్నాడు. మనం రన్‌బుక్ అంటామే, అదీ! అసలు రోజున 1202 అనగానే గార్మన్ ఆ కాగితం చూసి, మళ్ళీ మళ్ళీ రాకుండా ఉంటే ఫర్వాలేదన్నాడు, బేల్స్ కానిమ్మన్నాడు. బేల్స్‌కి 26, గార్మన్‌కి 24. మన దగ్గర ఆ వయసువాడికి ప్రొడక్షన్ యాక్సెస్ కూడా ఇవ్వరు.

అపోలో 14 కథ ఇంకా సొంపైనది. 1971 ఫిబ్రవరి. దిగబోయే ముందు చూస్తే, ఎవరూ నొక్కకుండానే అబార్ట్ బటను నొక్కినట్టు సిగ్నల్ కనపడుతోంది. ప్యానెల్ మీద వేలితో కొడితే పోతోంది. లోపలెక్కడో చిన్న టంకం ముక్క కదులుతోందన్నమాట. ఇంజను వెలిగాక ఆ ముక్క మళ్ళీ తగిలితే కంప్యూటరు ల్యాండింగు ఆపేసి పైకి లేపేస్తుంది. స్విచ్చు మార్చలేరు, రోప్ అల్లలేరు. ఎంఐటీలో డాన్ ఐల్స్ అనే 27 ఏళ్ళ కుర్రాడు గంటల్లో ఒక ఉపాయం రాశాడు. అబార్ట్ ఇప్పటికే నడుస్తోందని ప్రోగ్రామునే నమ్మిస్తే అది ఆ బటను వంక చూడదు. ఆ అంకెలు రేడియోలో చదివితే మిచెల్ కీప్యాడ్ మీద ఒక్కొక్కటీ కొట్టాడు. దిగారు. నాలుగు లక్షల కిలోమీటర్ల దూరంలో, రోల్‌బ్యాక్ లేకుండా, హాట్‌ఫిక్స్! కుట్ర రాసే రచయితకి తుఫాన్లూ ఉల్కలూ తడతాయిగానీ టంకం ముక్క తట్టదు. ఇలాంటి దిక్కుమాలిన, చిల్లర, నమ్మశక్యం కాని బగ్గులు నిజం సిస్టమ్స్‌లోనే వస్తాయి. ఏళ్ళ తరబడి ఆన్‌కాల్ చేసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా?

సరే, బ్రహ్మాస్త్రం దగ్గరికొద్దాం. మళ్ళీ ఎందుకెళ్ళలేదు?

ప్రాజెక్టు అటకెక్కించారు కాబట్టి. అంతకన్నా రహస్యం లేదు. సాటర్న్ 5 రాకెట్ల తయారీ పదిహేనుతో ఆపెయ్యాలని నాసా అధిపతి జేమ్స్ వెబ్ ఎప్పుడు తేల్చాడో తెలుసా? 1968 ఆగస్టులో. అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపడానికి పదకొండు నెలల ముందే! నాసాకి 1966లో అమెరికా ప్రభుత్వ ఖర్చులో నూటికి నాలుగు పైచిలుకు వచ్చేది. అక్కణ్ణుంచి జారడం మొదలై చివరికి అర శాతం దగ్గర తేలింది. 1970 జనవరిలో అపోలో 20ని కొట్టేశారు, అదే ఏడు సెప్టెంబరులో ఇంకో రెండు. మిగిలిన ఒక రాకెట్టు 1973లో స్కైల్యాబ్‌ని మోసింది. ఎగరడానికని తయారుచేసిన దశల్ని హ్యూస్టన్‌లో వరసగా పడుకోబెట్టి టిక్కెట్టు పెట్టారు. అమెరికా వెళ్ళిన మనవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు దిగి, మళ్ళీ వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు.

నిజానికి చంద్రుడి మీద ప్రేమతో వెళ్ళింది కాదది. 1961 మేలో గొప్పగా ప్రకటించిన కెనెడీయే, 1962 నవంబరులో వెబ్‌తో జరిపిన మీటింగు టేపులో, రష్యాని ఓడించడమే ముఖ్యం, లేకపోతే అంతరిక్షం మీద తనకంత ఆసక్తి లేదన్నట్టుగా మాట్లాడాడు. పన్నెండుమందిలో శాస్త్రవేత్త ఒక్కడంటే ఒక్కడు, చివరి అపోలో 17లో వెళ్ళిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్. పందెం గెలిచారు, క్లయింటు డబ్బులాపేశాడు. ఇదే ముక్క మన ఆఫీసు భాషలో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, చంద్రుడనేసరికి అందరికీ కుట్ర కనపడుతుంది.

"సరే, ఒకసారి వచ్చిన విద్యే కదా, మళ్ళీ ఠక్కున చెయ్యొచ్చుగా?" అంటారు. చేసి చూడండి. నేను చూసిన ఒక ప్రాజెక్టుని క్లయింటు మూసేశాడు, టీము తలో దిక్కుకీ పోయింది. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ కావాలన్నాడు. కోడుంది, వికీ ఉంది, మూడొందల పేజీల డాక్యుమెంటుంది. ఒక్క బిల్డు పాసవడానికి ఐదు వారాలు పట్టింది. ఒకే ఒక్క మెషీను మీద ఒకాయన చేత్తో మార్చిపెట్టుకున్న సెట్టింగు ఎక్కడా రాసిలేదు, ఆయనేమో కెనడాలో ఉన్నాడు. ఏడాదిన్నరకే మన బతుకిది. సాటర్న్ 5 ఇంజను ఎఫ్-1 సంగతి చూడండి. డ్రాయింగులు పోయాయంటారు, పోలేదు. 2013 ప్రాంతంలో నాసా కుర్ర ఇంజనీర్లు దాచి ఉంచిన పాత ఇంజన్ని విప్పి కొలిచి చూస్తే, డ్రాయింగులో లేని చేతి మార్పులు ఇంజనుకి కొన్ని బయటపడ్డాయి. వెల్డరు ఎక్కడ ఎంత సర్దాడో వెల్డరుకే తెలుసు. అసలా ఇంజను తయారీలో లోపల మంట అదుపు తప్పి ఇంజన్లే పేలిపోతుంటే, 1962 నుంచీ నడుస్తున్న ఇంజను లోపల కావాలని చిన్న బాంబులు పేల్చి, మంట దానంతటది సర్దుకునేదాకా డిజైన్లు మార్చుకుంటూ పోయారు. ఆ ఓపిక డ్రాయింగులో కనపడదు. హీట్ షీల్డూ అంతే. అపోలో నాటి పదార్థాన్ని ఓరియన్ నౌక కోసం మళ్ళీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. 2022లో మనుషుల్లేకుండా వెళ్ళొచ్చిన ఆర్టెమిస్ 1లో అది అనుకోని చోట్ల పెచ్చులూడింది, కారణం తేల్చి చెప్పేసరికి 2024 డిసెంబరయింది.

టేపులు చెరిపేశారన్నది కూడా నిజమే. అపోలో 11 అసలు టెలిమెట్రీ టేపుల మీద తర్వాత వేరేవి రికార్డు చేసేసి ఉంటారని 2009లో నాసాయే ఒప్పుకుంది. డిస్కు నిండిందని పాత బ్యాకప్పులు లేపేసే మనం దీన్ని కుట్రంటామా?

నాకసలు మండేదెక్కడంటే, ఈ అనుమానం నాసా మీద కాదు, పని మీద. నాలుగు లక్షలమంది ఏళ్ళ తరబడి చేశారు. 1967 జనవరిలో అపోలో 1 క్యాబిన్‌లో మంటలకి ముగ్గురు కాలిపోయారు. స్వచ్ఛమైన ఆక్సిజన్, లోపలికి తెరుచుకునే తలుపు. ఇరవై నెలలకి పైగా మనుషుల్ని పంపకుండా ఆగి మార్చుకున్నారు. ఇదంతా అసాధ్యం, కానీ నాలుగు లక్షల నోళ్ళు మూయించడం, చెవులు రిక్కించి కూచున్న రష్యాని నమ్మించడం మాత్రం సాధ్యమట! ఈ పుకారుని పుస్తకం చేసిన బిల్ కేసింగ్, ఎఫ్-1 చేసిన రాకెట్‌డైన్‌లో టెక్నికల్ రైటరు. 1963లోనే మానేశాడు, పుస్తకం వేసింది 1976లో. డెలివరీకి ఆరేళ్ళ ముందు టీము వదిలినవాడి మాట పట్టుకుని ప్రాజెక్టే జరగలేదంటున్నాం.

ఇదే జనం 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగుతుంటే ఆఫీసు టీవీ ముందు నిలబడి అరిచారు. నేనూ అరిచాను. ఆ రోజు తెర మీద కనపడింది కొన్ని అంకెలూ, ఒక గ్రాఫిక్కూ. ఎవరూ అనుమానపడలేదు, పడాల్సిన పనీ లేదు. 2019లో కూలింది కదా, నాలుగేళ్ళలో ఎలా దించారు? టీము చెదిరిపోలేదు, డబ్బు ఆగలేదు, ఎక్కడ తప్పిందో తెలిసినవాళ్ళు శ్రీహరికోటనుంచి మళ్ళీ పంపేదాకా అక్కడే ఉన్నారు. "మళ్ళీ ఎందుకెళ్ళలేదు"కి తిరగేసిన జవాబు అదే. పైగా చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా అపోలో 11 దిగినచోటునీ ఫొటో తీసింది. మన కెమెరానన్నా నమ్ముతారా?

ఇక వాదించే ఓపిక నాకు లేదు. అపోలో 11 ల్యాండరు సోర్సు కోడు 2016 నుంచి గిట్‌హబ్‌లో ఉంది. లూమినరీ 099 అని ఫోల్డరు, అందులో ఎగ్జిక్యూటివ్ అని ఫైలు, 1202 పుట్టేది అక్కడే. ల్యాండింగు గైడెన్స్ ఫైలులో ఒకచోట ఎవరో "ఇది తాత్కాలికమే" అనే అర్థం వచ్చేలా బోలెడంత ఆశపడుతూ కామెంటు కూడా పెట్టుకున్నారు, అచ్చం మనలాగే. రీలు ముప్పై సెకన్లు, ఇది చదవడానికి ఒక వీకెండు. చదివి, ఏ లైను అబద్ధమో నంబరుతో సహా చెప్పండి.